ఆకు ఆవిరి, గడ్డి పొగ: గాలిలోని రేణువులలో మొక్కల వాటా



నేలను గురించి, నీటిని గురించి, ఎరువులను గురించి మనము తరచుగా మాట్లాడుకొందుము. గాలిని గురించి మాట్లాడుకొనుట తక్కువ. నేలకు సర్వే నంబరు కలదు, నీటికి తూము కలదు, గాలికి మాత్రము గట్టు లేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుటులో ఎకరము భూమి వేలములో 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయినది. అంత ధర పెట్టి కొన్నవాడు పీల్చు గాలియు, అక్కడికి కొద్ది మైళ్లలో మొయినాబాదు, శంకర్‌పల్లి, చేవెళ్ల ప్రాంతములలో కూరగాయలు, పూలు పండించు రైతు పీల్చు గాలియు ఒక్కటే. గాలివాటును బట్టి పట్టణపు గాలి చేలమీదికిని, చేలగాలి పట్టణము మీదికిని పోవుచుండును.

ఈ గాలిలో కంటికి కనబడని రేణువులు తేలుచుండును. వాటిలో కొంత భాగము మోటారు బండ్ల పొగ, కొంత భాగము కట్టడముల దుమ్ము. కాని వాటితోబాటు మొక్కల నుండి పుట్టిన సేంద్రియ పదార్థములును తగినంత ఉండును. ఈ మాట వినగానే కొందరు “అయితే చెట్లవలన కూడ గాలి చెడుచున్నదా?” అని అడుగుదురు. మరికొందరు “మొక్కది ఏదైనా ప్రకృతి సహజమే, దానివలన కీడు ఉండదు” అందురు. రెండును సరియైన మాటలు కావు. మొక్క తానై విడిచిన ఆవిరి వేరు, మనము అగ్గిపెట్టగా దానినుండి లేచిన పొగ వేరు. ఈ తేడాను తెలిసికొని నడచుకొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశ్యము.

1. గాలిలో తేలు రేణువులు

రేణువుల పరిమాణమును మైక్రానులలో కొలుతురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. 10 మైక్రానులకు లోబడిన రేణువులను పి.ఎం. 10 అనియు, 2.5 మైక్రానులకు లోబడిన వాటిని పి.ఎం. 2.5 అనియు పిలుతురు. పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను ఆగిపోవును. 2.5 మైక్రానులకు లోబడిన సన్నని రేణువులు ఊపిరితిత్తుల అడుగువరకు పోవును. అందువలననే వీటికి హద్దులు ఏర్పరచినారు. మన దేశములో 2009 నుండి అమలులోనున్న ప్రమాణము ప్రకారము పి.ఎం. 2.5 రేణువులు ఘనపు మీటరు గాలిలో ఒక దినపు సగటున 60 మైక్రోగ్రాములకు, సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన ఇంకను కఠినమైనది. సంవత్సరపు సగటు 5 మైక్రోగ్రాములకు మించరాదని ఆ సంస్థ చెప్పినది. గాలి బాగుచేయుటకై 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమములో హైదరాబాదు కూడ చేరియున్నది.

2. మొక్కల నుండి గాలిలోనికి చేరు పదార్థములు

ఇవి నాలుగు తెరగులు.

మొదటిది, పుప్పొడియు శిలీంధ్ర బీజములును. పుప్పొడి రేణువులు సాధారణముగా 10 మొదలు 100 మైక్రానుల వరకు ఉండును. ఇవి ముతకవి గనుక ఎక్కువ దూరము పోకముందే చాలవరకు నేలబారును. అయినను వయ్యారిభామ వంటి కలుపు మొక్కల పుప్పొడి తుమ్ములను, ఉబ్బసమును, చర్మపు దురదను కలిగించును.

రెండవది, ఆకుమీది మైనము. చామ ఆకుమీద నీరు నిలువక జారిపోవుట మనమందరము చూచినదే. ఆకుపై పలుచని మైనపు పూత ఉండుటయే దీనికి ముఖ్య కారణము. గాలికి ఆకులు ఒకదానితో నొకటి ఒరసికొన్నపుడు ఈ మైనము సన్నని పొట్టుగా రాలి గాలిలో కలియును.

మూడవది, ఆకు విడుచు ఆవిరి. తులసి ఆకును నలిపినను, నిమ్మకాయ తొక్కను గిల్లినను, జామాయిలు ఆకును విరిచినను గుప్పుమని వాసన వచ్చును. ఆ వాసన ఆకు లోపలి నూనెల ఆవిరియే. నిమ్మ, బత్తాయి తొక్కలలోని దానిని లిమొనీన్ అందురు. దేవదారు జాతి చెట్ల బంకలో పైనీన్ ఉండును. వీటికి అన్నింటికి కలిపి టర్పీన్లు అని పేరు. ఇవిగాక వాసన తెలియని ఐసోప్రీన్ అను ఆవిరి ఒకటి కలదు. ప్రపంచమంతటిని లెక్కించినచో మొక్కలు విడుచు ఆవిరులలో ఇదియే అన్నిటికన్న అధికము. శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారము ఏటా దాదాపు 50 కోట్ల టన్నుల ఐసోప్రీన్ గాలిలో చేరుచున్నది. ఐసోప్రీనులో కర్బన పరమాణువులు అయిదు, తేలిక టర్పీన్లలో పది, బరువు టర్పీన్లలో పదునైదు ఉండును.

నాలుగవది, పొగ. ఎండుగడ్డి, పత్తికట్టె, చెత్త, కట్టెలు, పిడకలు కాలినపుడు మొక్కలోని పదార్థములే రూపు మారి సన్నని రేణువులై పైకి లేచును.

మొదటి మూడును మొక్క తన బ్రతుకు కొరకు చేయు పనుల ఫలితములు. నాలుగవది మన చేతి పని.

3. మొక్క ఆవిరి ఎందుకు విడుచును?

మొక్క ఏ పనియు ఊరక చేయదు. ఐసోప్రీనును విడుచు చెట్టు తాను గ్రహించిన కర్బనములో నూటికి ఒకటి రెండు పాళ్లు దానికొరకే ఖర్చు పెట్టును. ఎండ వేడిమి ఎక్కువైనపుడు ఆకు చెడిపోకుండ ఐసోప్రీన్ కాపాడునని పరిశోధనలవలన తేలినది. అందుచేత ఎండ, వేడి పెరిగిన కొలది దీని విడుదల పెరిగి, ఆకు వేడిమి సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అత్యధిక స్థాయికి చేరును. రాత్రియందు ఆగిపోవును. టర్పీన్లలో చాల భాగము ఆకులోని గ్రంథులలో నిలువయుండును గనుక రాత్రియందును కొంత వెలువడుచుండును.

ఈ ఆవిరులు రైతుకు మిత్రులు కూడ. మొక్కజొన్న ఆకును గొంగళి పురుగు కొరికినపుడు మొక్క కొన్ని టర్పీన్లను విడుచును. ఆ వాసనను పట్టుకొని పరాన్నజీవులైన చిన్న కందిరీగలు వచ్చి పురుగును హతమార్చును. ఈ సంగతి 1990లో ప్రయోగముల ద్వారా రుజువైనది. వరిలో సుడిదోమ ఆశించినపుడు కూడ పైరు ఇట్టి వాసనలను విడిచి, దోమ గ్రుడ్లను నాశనము చేయు సూక్ష్మమైన కందిరీగలను పిలుచుకొనును. పచ్చగడ్డి కోసినపుడు వచ్చు వాసనయు ఇట్టిదే. అది గాయపడిన ఆకు యొక్క కేక అనుకొనవచ్చును.

అన్ని మొక్కలును ఒకే రీతిని ఆవిరి విడువవు. వరి, మొక్కజొన్న, గోధుమ, టమాట వంటి పంటలు ఐసోప్రీనును దాదాపు విడువవు. జామాయిలు, వెదురు వంటివి అధికముగా విడుచును. జామాయిలు ఐసోప్రీనునే గాక టర్పీన్లను కూడ విడుచును.

4. ఆవిరి రేణువుగా మారు విధము

ఆకునుండి వచ్చినది ఆవిరియే గాని రేణువు కాదు. అది రేణువుగా మారుటకు గాలిలో కొన్ని మార్పులు జరుగవలెను. పగటివేళ ఎండ వలన గాలిలో చురుకైన పదార్థములు పుట్టుచుండును. వాటిలో ఓజోను ఒకటి. ఇవి టర్పీన్లతోను, ఐసోప్రీనుతోను కలియగా ఆవిరికి ప్రాణవాయువు చేరి బరువెక్కును. బరువెక్కిన ఆవిరి తేలికగా గాలిలో నిలువజాలక అక్కడ తేలుచున్న ఇతర రేణువులకు అంటుకొనును. చల్లని చెంబుమీద గాలిలోని తేమ బిందువులై నిలుచుటను పోలినదే ఈ పని.

దూరపు కొండలు నునుపు అని సామెత. అవి నునుపుగానే గాక నీలముగా కూడ కనబడును. దీనికి ముఖ్యకారణము వెలుగును చెదరగొట్టు గాలియే. అయితే దట్టమైన అడవులు గల కొండలమీది నీలి మసకలో ఆకుల ఆవిరినుండి పుట్టిన రేణువులకును పాలు కలదని 1960లో ఫ్రిట్స్ వెంట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాసెను. జామాయిలు చెట్ల పుట్టినిల్లైన ఆస్ట్రేలియాలో ఒక పర్వతశ్రేణికి నీలి పర్వతములనియే పేరు. ఆ తరువాత చాలకాలమునకు, 2004లో, అమెజాను అడవి గాలిలోని రేణువులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఐసోప్రీన్ నుండి పుట్టిన పదార్థములను వాటిలో కనుగొనిరి. అంతవరకు ఐసోప్రీన్ మిక్కిలి తేలికయైనది గనుక రేణువుగా మారదని తలచుచుండిరి.

5. చెట్టుది దోషమా?

ఇక్కడ ఒక చిక్కు కలదు. 1980లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన రోనాల్డ్ రీగన్ గాలి కాలుష్యములో చెట్ల వాటాయే అధికమన్న అర్థము వచ్చునట్లు మాట్లాడి నవ్వులపాలయ్యెను. ఎనిమిదేండ్ల తరువాత 1988లో అట్లాంటా నగరమున జరిగిన ఒక పరిశోధనలో ఆ నగరపు ఓజోను పుట్టుకలో చెట్ల ఆవిరులకు నిజముగనే పెద్ద పాత్ర కలదని తేలినది. అయితే రీగన్ మాట నిజమైనట్లేనా? కాదు. ఎందుచేతననగా, చెట్ల ఆవిరి ఒక్కటియే ఓజోనును పుట్టింపజాలదు. దానికి నత్రజని ఆక్సైడులు తోడు కావలెను. ఇవి నగరములో ముఖ్యముగా మోటారు బండ్ల ఇంజనులనుండి, జనరేటర్ల నుండి వచ్చును. అట్లే బొగ్గు కాల్చుటవలన వచ్చు గంధకపు వాయువు గాలిలో ఆమ్లముగా మారి, ఐసోప్రీన్ రేణువుగా మారుటకు తోడ్పడును. అమెరికా ఆగ్నేయ రాష్ట్రములలో గంధకపు వాయువును తగ్గించిన పిమ్మట అడవులు అట్లే యున్నను ఐసోప్రీన్ రేణువులును తగ్గినవి.

ఇందువలన మనము గ్రహింపవలసినది ఏమన, పాలు మంచివే, తోడు ఏది వేసితిమో దానినిబట్టి పెరుగు కుదురును. చెట్టు విడిచిన ఆవిరి పరిశుభ్రమైన గాలిలో ఒక విధముగను, పొగతో నిండిన గాలిలో వేరొక విధముగను మారును. దీనికి మందు చెట్లను కొట్టుట కాదు, పొగను తగ్గించుట. చెట్టు నీడనిచ్చి వేడిని తగ్గించును, దుమ్మును ఆకులపై పట్టుకొనును, వానతో దానిని నేలకు దించును. ఆవిరి పేరు చెప్పి చెట్టుపై గొడ్డలి ఎత్తువాని మాటను నమ్మరాదు.

6. కోకాపేట చుట్టుపట్ల పరిస్థితి

1908 నాటి మూసీ వరదల తరువాత ఆ నదిపై కట్టిన ఉస్మాన్‌సాగర్, అనగా మన గండిపేట చెరువు, 1920లో పూర్తియైనది. దాని చెంతనున్న పల్లెలలో కోకాపేట ఒకటి. నేడు బాహ్యవలయ రహదారి దాని ప్రక్కగా పోవుచున్నది. ఆకాశమునంటు మేడలు లేచినవి. రహదారికి పడమరగా మొయినాబాదు, చేవెళ్ల చేలు, చిలుకూరు వద్ద మృగవని వనము, ఇంకను పడమరగా మూసీ పుట్టిన అనంతగిరి అడవులు ఉన్నవి. కావున కోకాపేట పట్టణపు పొగకును ఆకు ఆవిరికిని మధ్య సరిహద్దు వంటిది.

నైరుతి ఋతువులో గాలి పడమటినుండి వీచును. అపుడు అడవిగాలి, చేలగాలి పట్టణమువైపు పోవును. వానలు కూడ రేణువులను కడిగివేయును గనుక ఆ నెలలలో గాలి తేటగా నుండును. వానలు వెనుకబట్టిన తరువాత గాలి తిరిగి తూర్పు, ఈశాన్య దిక్కులనుండి వీచును. అపుడు పట్టణపు పొగ మన చేలమీదుగా పోవును. పైగా చలికాలపు రాత్రులలో నేల చల్లబడి, నేలనంటిన చల్లగాలిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. ఆ మూత క్రింద పొగ పైకి పోలేక ఉదయము ఎండ పొడుచువరకు నేలబారుగా నిలుచును. ఖరీఫు వరికోతలు ముగిసి చేలలో గడ్డి మిగులు కాలమును ఇదియే.

7. పంటకు కలుగు నష్టము

ఓజోను ఆకు రంధ్రముల ద్వారా లోపలికి పోయి కణములను దెబ్బతీయును. చిక్కుడు జాతి పంటలు, సోయాచిక్కుడు, పాలకూర, బంగాళాదుంప, గోధుమ మొదలగునవి దీనికి లొంగును. విచిత్రమేమనగా ఓజోను నగరము నడిబొడ్డున కంటె నగరమునకు గాలివాటున గల పల్లెలలో తరచుగా అధికముగా నుండును. నగరములో ఇంజనుల నుండి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు ఓజోనును కొంత హరించును. గాలి ఊరి వెలుపలికి వచ్చుసరికి ఆ హరణ తగ్గి ఓజోను పెరుగును.

దీని లక్షణములు ఇవి: ముదురు ఆకుల పైభాగమున, ఈనెల మధ్య సన్నని చుక్కలు తెల్లగా గాని, గోధుమ రంగులో గాని కనబడును. లేత ఆకులు బాగుగనే ఉండును. గాలి కదలక ఎండ బాగా కాచిన కొన్ని దినముల తరువాత ఒకే మారు పలు పంటలపై కనబడును. నల్లి పురుగు వలన కలుగు చుక్కలు కూడ చూపునకు ఇట్లే ఉండును. కావున మందు కొట్టుటకు ముందు ఆకు వెనుకభాగమును భూతద్దముతో చూడుడు. నల్లి గాని, దాని సన్నని గూడు గాని లేకయున్నచో మందుపై డబ్బు ఖర్చుచేయకుడు. ఓజోను దెబ్బకు నల్లి మందు పనిచేయదు.

8. ఏ రేణువు ఎక్కడిదో ఎట్లు తెలియును?

“గాలిలో కలిసిపోయిన దానిని ఇది నాది, అది నీది అని ఎవరు చెప్పగలరు?” అని అడుగవచ్చును. రసాయన పరీక్షలు చెప్పగలవు.

ఆకు మైనములోని పొడవైన కర్బన గొలుసులలో 27, 29, 31, 33 వంటి బేసిసంఖ్య గలవి అధికముగా నుండును. పెట్రోలు, డీజిలు పొగలోని గొలుసులలో బేసి, సరి అను పక్షపాతము ఉండదు. అట్లే మానిటాల్, అరబిటాల్ అను పదార్థములు శిలీంధ్ర బీజములకు గుర్తు. మొక్క గోడలోని సెల్యులోజు 300 డిగ్రీలకు పైబడిన వేడిలో మాడినపుడు లెవోగ్లూకోసాన్ అను పదార్థము పుట్టును. ఇది డీజిలు పొగలో పుట్టదు. అది కనబడినచో ఎక్కడనో గడ్డియో, కట్టెయో కాలినదని నిర్ధారణ చేయవచ్చును. మరియొక పరీక్ష కలదు. బ్రతికియున్న మొక్కలో రేడియో కర్బనము కొంత ఉండును. లక్షలు, కోట్ల ఏండ్ల క్రింద పూడిపోయిన బొగ్గులోను, పెట్రోలులోను అది నశించిపోయినది. రేణువులలో దానిని కొలిచినచో కర్బనములో ఎంత మొక్కలది, ఎంత పెట్రోలుది, బొగ్గుది అనునది లెక్క తేలును.

కనుక గడ్డి పొగను కారు పొగమీదికిని, కారు పొగను గడ్డిమీదికిని నెట్టుట ఇక చెల్లదు. ఎవరి వాటా వారికి వచ్చును. పట్టణపు వారు తమ బండ్లను, కట్టడముల దుమ్మును సరిచేసికొనవలెను. మన వాటా మనము చూచుకొనవలెను.

9. గడ్డి పొగ లెక్క

ఒక టన్ను వరిగడ్డి కాల్చినచో తక్కువలో తక్కువ 3 కిలోల రేణువులు వెలువడునని సాధారణముగా వాడు అంచనా. ఎకరమునకు 2 టన్నుల గడ్డి అనుకొన్నచో 6 కిలోలు. ఇది చూచుటకు స్వల్పము. కాని దినపు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మాత్రమే గదా! ఆ లెక్కన 6 కిలోల రేణువులు 10 కోట్ల ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని ఆ హద్దువరకు నింపగలవు. నేలమీద 100 మీటర్ల ఎత్తున పొగ నిలిచినదనుకొన్నచో ఇది సుమారు 250 ఎకరములమీది గాలి. ఒక ఎకరము గడ్డి అంటించినచో 250 ఎకరముల గాలికి హద్దు నిండును. ఆ 250 ఎకరములలో మొదట పొగ పీల్చువారు కోకాపేట మేడలలోని వారు కారు. నిప్పు ప్రక్కన నిలుచున్న రైతు, ఆయన ఇల్లాలు, పిల్లలు, పశువులును.

ఇక సారము మాట. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 1.2 కిలోల గంధకము ఉండును. కాల్చినపుడు నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలిసిపోవును. భాస్వరములో నాలుగవ వంతు, పొటాషులో అయిదవ వంతు, గంధకములో కొంత పోవును. ఎకరమునకు 2 టన్నుల గడ్డి కాల్చినచో పోయిన 11 కిలోల నత్రజని సుమారు 24 కిలోల యూరియాతో సమానము. అనగా అరబస్తాకు మించిన యూరియాను చేతులారా నిప్పులో వేసినట్లు. మిగిలిన బూడిద కూడ చేనంతట సమముగా పడదు. నేలకు రావలసిన కర్బనమును పూర్తిగా పోగొట్టుకొందుము.

10. రైతు చేయదగిన పనులు

(అ) కోతయంత్రముతో కోసిన చేలలో మిగిలిన గడ్డిని, పశువులకు గాని, అమ్మకమునకు గాని కావలసినచో బేలరుతో కట్టలు కట్టించుడు. ఒకరికి ఖర్చు ఎక్కువ అనిపించినచో ఇరుగుపొరుగు నలుగురును కలసి ఒకే దినమున యంత్రమును పిలిపించుకొనుడు.

(ఆ) గడ్డి అవసరము లేనిచో రోటవేటరుతో నేలలో కలియదున్నుడు. ఎకరమునకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీరు పెట్టినచో త్వరగా చివుకును. పచ్చిగా ఉన్న గడ్డి చివుకునపుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికముగా వాడుకొనును. కావున కలియదున్నిన వెంటనే నాటక, రెండు మూడు వారముల వ్యవధి ఇచ్చుట మేలు. వ్యవధి చాలనిచో మొదటి మోతాదు నత్రజనిని ఆలస్యము చేయకుడు.

(ఇ) ఎండుగడ్డిని పశువులు ఇష్టపడి తినుటకు యూరియాతో మాగవేయవచ్చును. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ కప్పి 21 దినములు ఉంచవలెను. తీసిన పిదప కొంతసేపు ఆరబెట్టి మేపవలెను. యూరియా నీటిని పశువులకు అందుబాటులో ఉంచరాదు. ఆరునెలలకు లోబడిన దూడలకు ఈ మేత పెట్టరాదు.

(ఈ) కూరగాయల సాళ్ల మధ్య, పండ్లతోటల పాదులలో వరిగడ్డిని పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును. పత్తికట్టెను ముక్కలు చేయు యంత్రముతో నలిపి నేలలో కలుపుడు.

(ఉ) ఆకు చెత్తను, కత్తిరించిన కొమ్మలను గట్టుమీద అంటించు అలవాటు మానుడు. గుంటలో వేసి కంపోస్టు చేయుడు. తప్పనిసరిగా తెగులు సోకిన కొద్దిపాటి మొక్కలను నాశనము చేయవలసి వచ్చినచో లోతుగా పూడ్చివేయుడు.

(ఊ) వయ్యారిభామను పూతకు రాకమునుపే పెరికివేయుడు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకొనుట మరువకుడు. పూతకు రానిదానిని కంపోస్టు గుంటలో వేయవచ్చును.

(ఋ) గట్లమీద, రహదారుల వెంట చెట్లు నాటునపుడు పలు జాతులను కలిపి నాటుడు. రద్దీగల పెద్ద రహదారి అంచున జామాయిలును గాని, వెదురును గాని మూకుమ్మడిగా నాటుట కంటె వేప, చింత, కానుగ, నేరేడు వంటి వాటిని కలిపి నాటుట నీడకును, దుమ్ము పట్టుటకును, పక్షులకును మేలు. ఉన్న చెట్టును కొట్టవలదు.

11. చేసి చూడదగిన చిన్న పరిశీలన

ఒక గాజుపలకపై వేసలిన్ పలుచగా పూసి, దుమ్ము పడని ఒక చప్పరము క్రింద, మనిషి ఎత్తున, ఒక దినము ఉంచుడు. మరునాడు పలకను సమీపములోని కృషి విజ్ఞాన కేంద్రములో గాని, ఊరి ఉన్నత పాఠశాలలో గాని సూక్ష్మదర్శినితో చూపించుకొనుడు. పుప్పొడి గింజలు, శిలీంధ్ర బీజములు, మట్టి రేణువులు, మసి ముక్కలు వేరువేరుగా కనబడును. గడ్డి కాల్చు దినమున ఒక పలక, వాన వెలిసిన మరునాడు మరియొక పలక పెట్టి పోల్చి చూడుడు. పిల్లలచేత చేయించినచో వారు మీకన్న బాగుగా గుర్తుంచుకొందురు. ఆకు ఆవిరి వలన పుట్టిన అతి సన్నని రేణువులు ఈ పలకకు చిక్కవు. అవి నేలబారక గాలితోనే దినముల తరబడి తిరుగును. అందుచేతనే వాటిని పట్టుటకు జల్లెడ కాగితము గుండ గాలిని పీల్చు యంత్రములు వాడుదురు.

ముగింపు

ఈ పాఠము సారాంశము ఇది. మొక్క తానై విడుచు ఆవిరి గాలికి సహజమైనది, పంటకు ఉపయోగకరమైనది. అది కీడుగా మారుట మన పొగ దానితో కలిసినపుడే. అదే మొక్కను మనము అంటించినచో అది నేరుగా సన్నని విషరేణువులై మన పిల్లల ఊపిరితిత్తులకే చేరును. మొదటిదానిని ఆపుట మన వశము కాదు, ఆపవలసిన అవసరమును లేదు. రెండవదానిని ఆపుట ప్రతి రైతు చేతిలోను కలదు. దానికి కావలసినది కోత ముగిసిన సాయంకాలము అగ్గిపెట్టెను జేబులోనే ఉంచుకొని, మరునాడు ఉదయము రోటవేటరును గాని, బేలరును గాని చేనిలోనికి దింపుట. రాబోవు కోతలకు ముందే మీ ఊరి రైతులందరు ఒకచోట కూర్చుండి ఏ చేను గడ్డిని ఏమి చేయవలెనో ఇప్పుడే నిశ్చయించుకొనుడు. యంత్రముల వరుసను, కూలిని, గడ్డి కొనువారిని ముందుగా మాటాడి పెట్టుకొన్నచో నిప్పు అవసరమే కలుగదు.